యోగం షోరూములో, క్షేమం షెడ్డులో – రేంజ్ రోవర్ సంరక్షణ చరిత్ర



ఉత్తరాలు వ్రాసుకునే కాలంలో మొదటి వాక్యంలోనే "యోగక్షేమాలు" అడిగేవాళ్లం. తరగతిలో ఈ సమాసానికి అర్థం చెప్పేటప్పుడు దాన్ని రెండుగా విడదీసి చూపేవాణ్ణి. లేనిదాన్ని సంపాదించుకోవడం యోగం. సంపాదించుకున్నదాన్ని కాపాడుకోవడం క్షేమం. చరిత్ర పుస్తకాలు తిరగేసినప్పుడల్లా యోగానికి దక్కినన్ని పుటలు క్షేమానికి దక్కలేదని అనిపిస్తుంది. కోట కట్టించిన రాజు పేరు పిల్లలందరికీ వస్తుంది. ఆ కోట గోడకు ఏటేటా సున్నం పూసినవారు ఎవరికీ తెలియరు. యంత్రాల చరిత్రా అంతే. ఏ కారు ఏ సంవత్సరంలో పుట్టింది, ఎంత వేగంగా పరుగెత్తింది అని వ్రాసేవారు అనేకులు. దానికి నూనె ఎవరు మార్చారు, ఎక్కడ తుప్పు పట్టింది, నడిరోడ్డు మీద ఎందుకు ఆగింది అని వ్రాసేవారు అరుదు.

ఈ టపాలో అటువంటి క్షేమచరిత్ర ఒకటి చెప్పదలచాను. వస్తువు రేంజ్ రోవర్ అనే విలాసవాహనం. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వవచ్చు. నాకు కారు లేదు. కానీ నా దగ్గర తెలుగు చదువుకున్న విద్యార్థి ఒకడు పెద్ద కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. ఉద్యోగ విరమణ తరువాత అప్పుడప్పుడు అక్కడికి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. అక్కడ విన్న మాటలు, ఆ తరువాత చదివిన చరిత్ర కలిపి చూస్తే నాకు ఒక కథ కనబడింది. ఒక వస్తువులో సుఖం పెరిగేకొద్దీ దాన్ని కాపాడుకునే విద్య యజమాని చేతిలోనుండి ఎలా జారిపోతుందో చెప్పే కథ అది.

ఇరుసు – కందెన

ముందుగా మన బండి సంగతి. ఎడ్లబండికి ఇరుసు, చక్రం, కాడి, నొగలు ఎంత ముఖ్యమో కందెన అంత ముఖ్యం. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండికి వ్రేలాడదీసేవారు. చక్రం కిర్రుమనగానే రైతు దిగి, చీల ఊడదీసి, ఇరుసుకు కందెన పూసి మళ్లీ బయలుదేరేవాడు. సుమతీ శతకకారుడు కరణంతో మంచిగా ఉండవలసిన అవసరాన్ని చెప్పడానికి ఈ కందెననే ఉపమానంగా తెచ్చుకున్నాడు. వినేవారిలో ప్రతి ఒక్కరికీ బండి సంరక్షణ తెలిసి ఉంటేనే ఆ ఉపమానం పండుతుంది. అంటే ఆనాడు బండి తోలడం, బండిని బాగుచేసుకోవడం రెండు వేర్వేరు విద్యలు కావు.

"మరమ్మతు" అనే మాట మనకు అరబ్బీనుండి ఉర్దూ మీదుగా వచ్చింది. అంతకు ముందు మనం "బాగుచేయడం" అనేవాళ్లం. ఇప్పటికీ పల్లెల్లో అదే అంటారు. ఆ మాటలో యంత్రాన్ని కూడా రోగిని చూసినట్లు చూసే ఆప్యాయత ఉంది.

ఇసుక మీద గీసిన బండి

ఇక ఇంగ్లండుకు వెళదాం. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత రోవర్ కంపెనీలో ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్‌కు వేల్సు దేశపు ఆంగ్లసీ ద్వీపంలో వ్యవసాయ క్షేత్రం ఉండేది. అక్కడి పనులకు ఆయన సైన్యం వదిలేసిన అమెరికన్ జీపును వాడుకునేవాడు. 1947లో ఆయన, కంపెనీని నడిపే ఆయన అన్న స్పెన్సర్ విల్క్స్ కలిసి జీపుకు ప్రత్యామ్నాయంగా తామే ఒక రైతుబండి తయారుచేయాలని తలపెట్టారు. రెడ్ వార్ఫ్ అఖాతం ఒడ్డున ఇసుకలో మారిస్ దాని రూపురేఖలు గీశాడని ఆ కంపెనీ తన పుట్టుక కథగా చెప్పుకుంటుంది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఆ బండి లోకానికి కనబడింది. పేరు ల్యాండ్ రోవర్.

యుద్ధానంతరం బ్రిటనులో ఉక్కుకు కరువు. అందుచేత బండి చట్రాన్ని ఉక్కుతోను, పై రేకులను అల్యూమినియం మిశ్రమంతోను చేశారు. కమాన్ పట్టీలు, బోల్టులతో బిగించిన రేకులు, కనబడే చోటనే ఉన్న ఇంజను – అంతే. పొలంలో ఆగిపోతే రైతే స్పానరు పట్టుకుని బాగుచేసుకోగలిగిన బండి. మన ఎడ్లబండి రైతుకు, ఈ రైతుకు ఇంకా పెద్ద తేడా లేదు.

ఆ బండికి విలాసం తొడగాలన్న కోరిక మాత్రం ఆదిలోనే పుట్టింది. 1948లోనే టిక్‌ఫర్డ్ అనే సంస్థ చేత చెక్క చట్రం మీద పైభాగం కట్టించి, తోలు సీట్లు వేసి ఒక కుటుంబ వాహనాన్ని తయారుచేశారు. వ్యవసాయ వాహనానికి లేని అమ్మకపు పన్ను దీనిపై పడింది. ధర పెరిగింది. 1951లో ఆపివేసేనాటికి 700 లోపే తయారయ్యాయి. యోగం కుదరలేదు.

1970: నీళ్లతో కడిగే విలాసం

అమెరికాలో 1963లో జీప్ వాగొనీర్ వచ్చి, నాలుగు చక్రాల చోదనం గల బండి కుటుంబానికి కూడా పనికివస్తుందని చూపింది. రోవర్ కంపెనీలో చార్లెస్ స్పెన్సర్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్ అనే ఇంజనీర్లు అదే ఆలోచనను తమ దారిలో నడిపారు. కింగ్‌ను అందరూ స్పెన్ కింగ్ అని పిలిచేవారు. ఆయన విల్క్స్ సోదరులకు మేనల్లుడు. బాహ్యరూపాన్ని డేవిడ్ బేచ్ తీర్చిదిద్దాడు. 1970 జూన్ 17న రేంజ్ రోవర్ విడుదలైంది. కమాన్ పట్టీలకు బదులు పొడవైన చుట్ట స్ప్రింగులు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, ఎల్లప్పుడూ నాలుగు చక్రాలకూ అందే శక్తి, 3,528 సి.సి. గల ఎనిమిది సిలిండర్ల ఇంజను – ఒకే బండిలో ఇవన్నీ చేరడం ఆనాటికి వింత. మరుసటి ఏడాది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో పారిశ్రామిక రూపకల్పనకు ఉదాహరణగా దానిని నిలబెట్టారు.

ఈనాటి విలాసాన్ని చూసినవారు ఆ తొలి బండి లోపలికి తొంగిచూస్తే ఆశ్చర్యపోతారు. తోలు లేదు, చెక్క లేదు, తివాచీ లేదు. సీట్లు రెక్సిను వంటివి; నేల మీద రబ్బరు పరుపు. పొలంనుండి బురదతో వచ్చి గొట్టంతో నీళ్లు కొట్టి లోపలంతా కడుక్కోవచ్చు. తలుపులు రెండే. నాలుగు తలుపుల బండి 1981లో గాని రాలేదు. అంటే రూపకర్తలు విలాసాన్ని ప్రయాణపు సుఖంగా భావించారు. సంరక్షణ మాత్రం రైతుకు అందే దూరంలోనే ఉంచారు.

అయినా సంరక్షణ తక్కువేమీ కాదు. ఇంజనుకు, గేరుపెట్టెకు, శక్తిని ముందువెనుకలకు పంచే పెట్టెకు, ముందు డిఫరెన్షియల్‌కు, వెనుక డిఫరెన్షియల్‌కు వేర్వేరుగా నూనె చూడాలి. ముందు చక్రాలు తిరిగే గుండ్రని గిన్నెలకు కూడా విడిగా నూనె పోయాలి. పొడవాటి తిరుగుడు కడ్డీలకు గ్రీజు కొట్టాలి. ఇంజను నూనె అయిదారు వేల మైళ్లకోసారి మార్చాలి. ఇవన్నీ యజమానికిచ్చే చేతిపుస్తకంలో ఉండేవి. ఓపిక ఉన్నవాడు ఆదివారం నాడు తన ఇంటి ముందే చేసుకోగలిగేవాడు.

ఇంజను పూర్వజన్మ

ఆ ఇంజనుకు ఒక పూర్వజన్మ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1961నుండి 1963 వరకు బ్యూక్ కార్లలో వాడి వదిలేసిన అల్యూమినియం ఇంజను అది. తేలికైనది, కాని అల్యూమినియానికి సరిపడని శీతలద్రవం పోస్తే లోపల క్షయించి, ఆ మడ్డి రేడియేటరులో అడ్డం పడేది. రోవర్ కంపెనీ 1965లో దాని హక్కులు కొని, మార్పులు చేసి, 1967లో మొదట తన కార్లలోను, ఆ తరువాత రేంజ్ రోవర్‌లోను పెట్టింది. ఆ కుటుంబపు ఇంజన్లు ఈ బండిలో 2002 వరకు కొనసాగాయి.

స్వభావం మాత్రం మారలేదు. రేడియేటరులో వట్టి నీళ్లు పోసి నడిపినవారికి, తుప్పును నివారించే ద్రవాన్ని వేళకు మార్చనివారికి ఆ ఇంజను శిక్ష వేసేది. వేడెక్కితే అల్యూమినియం తల వంగుతుంది. మధ్యనున్న గాస్కెట్టు కాలుతుంది. నూనె మార్చడం ఆలస్యం చేస్తే పైన నల్లని మడ్డి పేరుకుని క్యామ్ షాఫ్టు అరిగిపోతుంది. సిలిండరు పరిమాణం పెంచుకుంటూ పోయిన తరువాతి ఇంజన్లలో సిలిండరు లోపలి ఇనుప తొడుగులు స్థానం కదలడమనే మరొక వ్యాధి పేరుపడింది. రేడియేటరులో ద్రవం కారణం లేకుండా తగ్గుతూ ఉంటే అది మొదటి హెచ్చరిక. మా విద్యార్థి ఈ విషయం చెప్పినప్పుడు అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "మాస్టారూ, నీళ్లు తగ్గాయంటే పోసి ఊరుకోకూడదండీ. ఎటు పోయాయో కనుక్కోవాలి."

డేరియన్ పాఠం

కొత్త బండి సత్తా చూపడానికి 1971 డిసెంబరులో అలాస్కాలోని ఆంకరేజినుండి రెండు రేంజ్ రోవర్లతో బ్రిటిష్ దళమొకటి బయలుదేరింది. నాయకుడు మేజర్ జాన్ బ్లాష్‌ఫర్డ్-స్నెల్. గమ్యం దక్షిణ అమెరికా కొన. ఉత్తర దక్షిణ అమెరికాల నడుమ పనామా, కొలంబియా సరిహద్దులో డేరియన్ అనే అరణ్యం ఉంది. అక్కడ రోడ్డు లేదు, నేటికీ లేదు. సుమారు 400 కిలోమీటర్ల ఆ చిత్తడి అడవిని దాటడానికి వారికి దాదాపు 100 రోజులు పట్టింది. 1972 జూన్‌లో యాత్ర ముగిసింది.

ఈ విజయగాథ చాలామందికి తెలుసు. నా దృష్టి అందులోని ఒక వైఫల్యం మీద ఉంది. అడవిలో ఈ బండ్ల డిఫరెన్షియల్‌లు వరసగా పగిలిపోయాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువగా, లోపలి చక్రం తక్కువగా తిరగడానికి వీలు కల్పించే పళ్లచక్రాల అమరిక పేరు డిఫరెన్షియల్. బురదలో దిగబడకుండా ఉండాలని దళం వారు బండ్లకు చాలా పెద్ద టైర్లు వేశారు. సామాను కూడా అతిగా ఎక్కించారు. బురదలో వట్టినే గిరగిర తిరిగే బరువైన చక్రం ఒక్కసారి గట్టినేలను పట్టుకుంటే ఆ అదటంతా ఎక్కడికి పోతుంది? పళ్లచక్రాల మీదికే. అవి పగిలాయి. కంపెనీ తన ఇంజనీర్లను, విడిభాగాలను విమానాల్లో పంపవలసి వచ్చింది. మామూలు టైర్లకు మళ్లిన తరువాత ఆ బాధ తగ్గింది.

ఈ పాఠానికి యాభై ఏళ్లు దాటాయి. అయినా ఇవాళ కూడా గంభీరంగా కనబడాలని పెద్ద చక్రాలు వేయించుకునేవారు ఉన్నారు. తరువాత శబ్దం వస్తోందని, ముందు చక్రాల బుష్షులు తొందరగా పోతున్నాయని షెడ్డుకు వస్తారు. బండిలో ఒక అంగాన్ని మారిస్తే ఆ బరువును మరొక అంగం మోస్తుందన్న సంగతి డేరియన్ అడవి ఏనాడో చెప్పింది.

1979లో జరిగిన మొట్టమొదటి పారిస్–డకార్ పరుగులో కార్ల విభాగంలో ముందు నిలిచినది కూడా రేంజ్ రోవరే. ఎడారి దాని బలాన్ని చూపింది, అడవి బలహీనతను చూపింది. సంరక్షకుడికి పనికివచ్చేది రెండవది.

వాన తెచ్చిన వ్యాధి

ఎడారికి లొంగని ఆ బండిని సొంతదేశపు వాన లొంగదీసింది. పై రేకుల్లో ఎక్కువ భాగం అల్యూమినియం. లోపలి చట్రం, వెనుక తలుపు ఉక్కు. రెండు వేర్వేరు లోహాలు తాకే చోట తడి చేరితే అది చిన్న బ్యాటరీ వలె పనిచేసి లోహాన్ని తినివేస్తుంది. చలికాలంలో బ్రిటనులో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు దీనికి తోడైంది. పైకి నిగనిగలాడే బండికి అడుగున నేల చిల్లులు పడటం, వెనుక తలుపు అంచులు రాలిపోవడం ఆ తరం బండ్లకు సామాన్యమైంది.

మనకు మంచు లేదు గాని విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలి ఉంది. సముద్రపుటొడ్డు ఇసుక మీద బండి నడిపి ఫోటోలు తీసుకునే మిత్రులు ఇంటికి రాగానే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించడం మరువరాదు. పైభాగం కడిగితే శోభ. అడుగు కడిగితే ఆయుష్షు.

గాలి మీద తేలిన బండి

1987లో ఈ బండి అమెరికా విపణికి వెళ్లింది. అక్కడి ధనికులకు రబ్బరు పరుపులు పనికిరావు. తోలు వచ్చింది, చెక్క వచ్చింది, విద్యుత్తుతో కదిలే సీట్లు వచ్చాయి. 1992లో ఎల్.ఎస్.ఇ. అనే పొడవైన నమూనాతో గాలి సస్పెన్షన్ వచ్చింది. 1994లో వచ్చిన రెండవ తరానికి పి38ఎ అని పేరు. ఇందులో ఆ పద్ధతి ప్రధానాంగమైంది. దీనితోనే మన కథ మలుపు తిరుగుతుంది.

ఉక్కు స్ప్రింగు ఉండవలసిన చోట గాలి నింపిన రబ్బరు సంచి ఉంటుంది. ఒక చిన్న కంప్రెసరు గాలిని తయారుచేస్తుంది. కవాటాల పెట్టె ఆ గాలిని నాలుగు సంచులకూ పంచుతుంది. ప్రతి చక్రం దగ్గర ఎత్తును కొలిచే సాధనం ఉంటుంది. వీటన్నిటి మీద పెత్తనం కంప్యూటరుది. వేగంగా వెళ్లేటప్పుడు బండి కిందికి ఒదుగుతుంది. రాళ్ల దారిలో పైకి లేస్తుంది. రాజు సింహాసనం దిగినట్లు, మనిషి ఎక్కడానికి వీలుగా వంగుతుంది కూడా. సుఖానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాని రబ్బరు ముసలిదవుతుంది. మడతల్లో సన్నని పగుళ్లు పడతాయి. గాలి కొంచెం కొంచెం పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసరు మాటిమాటికీ తిరుగుతుంది. విశ్రాంతి లేక వేడెక్కి అది కూడా పోతుంది. చిన్న ఖర్చుతో మార్చవలసిన రబ్బరు సంచిని ఉపేక్షిస్తే పెద్ద ఖర్చయిన కంప్రెసరు బలి అవుతుంది. ఉదయం లేచి చూసేసరికి బండి ఒక మూల కుంగి ఉంటే అది వ్యాధికి మొదటి లక్షణం, ఆనాడే చూపించాలి. వ్యాధి ముదిరితే కంప్యూటరు గాలి అంతా వదిలేసి బండిని నేలబారుకు దించేస్తుంది. విసిగిపోయిన యజమానులు ఎందరో ఆ గాలి పరికరాలన్నీ పీకించి, 1970నాటి పద్ధతిలో ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. సుఖాన్ని వెనక్కి ఇచ్చి నిశ్చింతను కొనుక్కున్నారు.

ఇదే తరంలో దీపాలు, తలుపులు, అద్దాలు అన్నీ ఒకే ఎలక్ట్రానిక్ పెట్టె అదుపులోకి వెళ్లాయి. బ్యాటరీ నీరసిస్తే ఆ పెట్టె పొంతనలేని హెచ్చరికలు చూపేది. ఈ లక్షణం తరువాతి తరాలకూ వారసత్వంగా సంక్రమించింది. నేటికీ అనుభవజ్ఞుడైన మెకానిక్కు ఒకేసారి పది హెచ్చరికలు వెలిగిన బండి వస్తే మొదట బ్యాటరీనే కొలుస్తాడు.

"జీవితకాలపు" నూనె

యాజమాన్యం చేతులు మారుతూ వచ్చింది. 1994లో బి.ఎం.డబ్ల్యు., 2000లో ఫోర్డ్, 2008 జూన్‌లో జాగ్వార్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకు మన టాటా మోటార్స్ ఈ సంస్థను పొందాయి. మూడవ తరం బండిని బి.ఎం.డబ్ల్యు. కాలంలో రూపొందించి, ఫోర్డ్ కాలంలో 2002లో రోడ్డు మీదికి తెచ్చారు.

ఆ కాలానికి కార్ల ప్రపంచంలో ఒక కొత్త మాట వచ్చింది. ఆటోమేటిక్ గేరుపెట్టెలోని నూనె జీవితకాలం పనిచేస్తుంది, మార్చనక్కరలేదు అన్నారు. నూనె కొలిచే పుల్లను కూడా తీసివేశారు. శబ్దార్థాలు బోధించినవాణ్ణి కనుక నాకు ఈ మాట దగ్గర ఆగవలసి వచ్చింది. ఎవరి జీవితకాలం? యజమానిదా, బండిదా, గేరుపెట్టెదా? ఆ గేరుపెట్టెలు తయారుచేసిన జర్మనీ దేశపు జడ్.ఎఫ్. సంస్థే 80,000నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చడం మంచిదని సూచించింది. కారు అమ్మేవాడు జీవితకాలమన్నాడు, గేరుపెట్టె చేసినవాడు లక్ష కిలోమీటర్లన్నాడు. ఆ నడుమనున్న అర్థభేదానికి మూల్యం చెల్లించినది సాధారణంగా రెండవ, మూడవ యజమాని.

సంరక్షణ చరిత్రలో ఇది పెద్ద మార్పు. పూర్వం చేతిపుస్తకం యజమానికి పని చెప్పేది. ఇప్పుడు నీవు చేయవలసింది ఏమీ లేదని చెప్పడమే విలాసంలో భాగమైంది. ఇంజను నూనె మార్చే వ్యవధి అయిదారు వేల మైళ్లనుండి 20,000 కిలోమీటర్లు దాటింది. ఎండ, దుమ్ము, గంటలకొద్దీ ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ ఉన్న మన నగరాలకు ఆ వ్యవధిని సగానికి తగ్గించుకోవాలని మా విద్యార్థి ఖండితంగా చెబుతాడు. 2009 తరువాత వచ్చిన 5 లీటర్ల పెట్రోలు ఇంజన్ల తొలి సంవత్సరాల బండ్లలో టైమింగ్ చెయిన్ల బిగింపు సాధనాలు అరిగి గలగలమనే శబ్దం రావడం అందరికీ తెలిసిన వ్యాధి. నూనె పరిశుభ్రంగా ఉన్న చోట అది ఆలస్యమవుతుంది. ఆ ఇంజన్లలోనే శీతలద్రవం పారే ప్లాస్టిక్ గొట్టాలు వేడికి పెళుసెక్కి పగలడం మరొకటి. ఇంజను మారినా, 1961నాటి బ్యూక్ పాఠం మారలేదు.

అడవి బండికి వీధి రోగం

ఒకప్పుడు అతిగా శ్రమించి పాడైన ఈ బండి నేడు శ్రమ లేక పాడవుతోంది. డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్.6 ప్రమాణాలు అమలయ్యాక డీజిల్ కార్లలో ఇది తప్పనిసరి సామగ్రి అయింది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఇంటినుండి బడికి, బడినుండి బజారుకు రెండేసి కిలోమీటర్లు నడిచే బండిలో ఆ వేడి పుట్టదు. మసిని కాల్చడానికి ఇంజను అదనంగా డీజిల్ చిమ్ముతుంది. పని మధ్యలో ఆగిపోతే ఆ డీజిల్‌లో కొంత ఇంజను నూనెలో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. మందు ఒక్కటే: వారానికోసారైనా అరగంట పాటు పెద్దరోడ్డు మీద నడపడం.

ఈ బండిని పుట్టించిన స్పెన్ కింగే 2004లో, పిల్లలను బడిలో దింపడానికి, నగరంలో హోదా చూపడానికి ఇటువంటి వాహనాలు వాడటం తెలివితక్కువతనమని విమర్శించాడు. ఆయన నగరపు వాతావరణం గూర్చి ఆవేదన పడ్డాడు. బండి ఆరోగ్యం దృష్ట్యా చూసినా ఆయన మాట నిజమే.

నీటి సంగతి కూడా చెప్పాలి. 2012లో వచ్చిన నాలుగవ తరం 900 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని తయారీదారు ప్రకటన. 2020 అక్టోబరులో హైదరాబాదును వరద ముంచినప్పుడు వీధుల్లో కార్లు తేలిపోవడం మనమంతా చూశాం. ప్రకటనలోని లోతు నిలకడగా ఉన్న నీటికి, నెమ్మదిగా నడిపేవారికి వర్తిస్తుంది. గాలి పీల్చే మార్గంలోకి నీరు పోతే ఇంజను లోపలి కడ్డీలు వంగిపోతాయి, ఎందుకంటే నీరు గాలి వలె నలగదు. నీటిలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేయకూడదు. క్షేమంగా దాటినా డిఫరెన్షియల్‌లోని నూనె చూపించాలి. అది పాలు కలిపినట్లు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినట్లే.

తాళంచెవి ఎవరి చేతిలో?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నేటి విలాసవాహనంలో ఒక భాగం మార్చితే చాలదు. ఆ భాగాన్ని బండిలోని కంప్యూటరుకు పరిచయం చేయాలి. ఆ పరిచయానికి కావలసిన సాధనం తయారీదారు దగ్గర ఉంటుంది. చేతిలో విద్య ఉన్నా అనుమతి లేని మెకానిక్కు చేతులు కట్టుకు కూర్చోవాలి.

ఇది ఒక్క సంస్థ సమస్య కాదు. విడిభాగాలను బహిరంగ విపణిలో అమ్మడం లేదని, పరీక్షా సాధనాలను, సాంకేతిక సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు ఇవ్వడం లేదని 2014 ఆగస్టు 25న భారత కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దానిపై అప్పీళ్లు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "మరమ్మతు హక్కు" పేరిట ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులో ఒక వెబ్ ద్వారం తెరిచింది. అందులో వాహనాలూ ఒక విభాగం. "మరమ్మతు హక్కు" అన్న సమాసమే ఆలోచింపజేస్తుంది. ఇరుసుకు కందెన పూసుకునే రైతుకు ఆ హక్కు ఒకరు ఇవ్వవలసి వస్తుందని ఎవరైనా ఊహించారా?

2025 సెప్టెంబరు ఆరంభంలో ఈ సంస్థ కంప్యూటర్ల మీద దాడి జరిగింది. కర్మాగారాల్లో ఉత్పత్తి నెలకు పైగా స్తంభించింది. బ్రిటనులో మరమ్మతుదారులు విడిభాగాల వివరాలు వెతుక్కోవడానికి కూడా ఇబ్బందిపడ్డారు. ఎక్కడో ఒక కంప్యూటరు ఆగితే మరెక్కడో ఒక షెడ్డులో స్పానరు ఆగింది. రైతుబండిగా పుట్టిన వాహనం ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

2024 మే నెలలో రేంజ్ రోవర్‌ను పుణేలో కూర్పు చేస్తామని ప్రకటించారు. 54 ఏళ్లలో ఇంగ్లండులోని సోలిహల్ కర్మాగారం వెలుపల ఈ బండి తయారు కావడం అదే మొదలని కంపెనీ చెప్పింది. ధర తగ్గిందని అందరూ సంతోషించారు. అది యోగం. దాన్ని బాగుచేసే విద్య కూడా ఇక్కడి స్వతంత్ర షెడ్లకు చేరినప్పుడు క్షేమం కూడా వచ్చినట్లు.

ఇటువంటి బండి, అందులోను పాతది, కొనదలచిన మిత్రులకు ఈ చరిత్ర చెప్పే మాటలు కొద్దివే. రాత్రి నిలిపిన బండి ఉదయం ఏ మూలకైనా కుంగిందా చూడండి. రేడియేటరు ద్రవం తగ్గుతోందా చూడండి. ఇంజను నూనె పుస్తకంలో ఉన్న గడువుకన్నా ముందే మార్పించండి. "జీవితకాలం" అన్న చోట లక్ష కిలోమీటర్లు అని దిద్దుకోండి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండు మూడేళ్లకు మార్పించండి. కొనే ధర కాక, ఏటా ఖర్చుకు కొంత సొమ్ము విడిగా పెట్టుకోండి. అన్నిటికీ మించి, చేసిన ప్రతి పనినీ ఒక పుస్తకంలో తేదీతో వ్రాసుకోండి. ఆ పుస్తకమే ఆ బండి క్షేమచరిత్ర.

మనది అని చెప్పుకునే వస్తువును కాపాడుకునే ఉపాయం మనకు గాని, మన వీధిలో ఒకరికి గాని తెలియనప్పుడు అది ఎంతవరకు మనది? కారు లేని నేను ఈ ప్రశ్న అడగడం విడ్డూరమే. కాని చేతిలోని ఫోను మొదలుకొని ఇంట్లోని నీళ్ల మోటారు దాకా ఇదే ప్రశ్న వర్తిస్తుందని తోచి ఇంత వ్రాశాను. వాహనాల విద్య తెలిసిన మిత్రులు ఈ వ్యాసంలో విడిచిపెట్టినవి ఉంటే వ్యాఖ్యల్లో పూరించగలరు. మీ ప్రాంతంలో కందెనకు, చీలకు, ఇతర బండి భాగాలకు వేరే పేర్లు ఉంటే అవి కూడా వ్రాయండి. ఆ మాటలకు కూడా సంరక్షణ అవసరమే.

స్వస్తి.